కాల్‌టోపో: దారి లేని కనుమల మీద గీత గీసే ముందు

నేనూ మా తమ్ముడూ కలిసి చేసే ట్రెక్‌లన్నీ ఇప్పుడు కాల్‌టోపో అనే ఆన్‌లైన్ మ్యాప్‌లోనే ప్లాన్ చేస్తున్నాం. అంతకుముందు వేరే యాప్ వాడేవాళ్ళం. దాని పేరు చెప్పను, కానీ దాన్ని ఎందుకు వదిలేశామో చెబితే కాల్‌టోపో గురించి సగం చెప్పినట్టే.

కాలిఫోర్నియాలో, సియెర్రా నెవాడా తూర్పు వైపు, నార్త్ లేక్ నుంచి లమార్క్ కోల్ అనే ఎత్తైన కనుమ ఎక్కి అవతల డార్విన్ కాన్యన్‌లోకి దిగాలని ఒక వేసవిలో బయల్దేరాం. కోల్ దాదాపు 12,900 అడుగుల ఎత్తులో ఉంటుంది. పాత యాప్‌లో రెండు చోట్ల వేలు పెడితే మధ్యలో గీత దానంతట అదే పడిపోయింది, మైళ్ళూ గంటలూ కూడా లెక్కగట్టి చూపించింది. మధ్యాహ్నం మూడింటికల్లా చేరిపోతామని అంది. కోల్ వరకూ బాగానే నడిచాం. అవతలికి దిగాక కాన్యన్‌లో చెరువుల పక్కనంతా బండరాళ్ళే. ఫ్రిజ్ అంత రాయి మీంచి స్కూటరంత రాయి మీదకి, అక్కణ్ణించి ఊగే ఇంకో రాయి మీదకి. అడుగు పెట్టే ముందు ప్రతి రాయినీ కాలితో నొక్కి చూడాల్సిందే. యాప్ మాత్రం ఆ రాళ్ళ మీద కూడా చక్కటి కాలిబాట మీద నడిచినంత వేగమే వేసుకుంది. మేం టెంట్ వేసుకునేసరికి హెడ్‌లాంప్‌లు వెలిగించాల్సి వచ్చింది. మా తమ్ముడి మోకాలికి దెబ్బ తగిలింది. "అక్కా, ఆ గీత ఎవరు గీశారో వాళ్ళు ఇక్కడికి ఎప్పుడూ రాలేదు" అన్నాడు వాడు, కట్టు కట్టించుకుంటూ. నాకు ఆ మాట అలాగే ఉండిపోయింది.

ఎవరూ గీయలేదు మరి. మిషన్ గీసింది. కాలిబాట ఉన్నచోట అది పనికొస్తుంది. కాలిబాట లేని ఎత్తైన లోయల్లో, ఒక బేసిన్‌లోంచి (చుట్టూ కొండలున్న గిన్నెలాంటి లోయ) ఇంకో బేసిన్‌లోకి కనుమలు దాటుకుంటూ పోయేచోట, గీత గీయాల్సింది మనమే. కాల్‌టోపోలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. దారి ఉన్నచోట గీతని దారికి అతికిస్తుంది, లేనిచోట మన చేతికి వదిలేస్తుంది. వదిలేసి, ఆ గీత కింద నేల ఎలా ఉందో చూసుకోవడానికి కావాల్సినవన్నీ ముందు పెడుతుంది.

అసలు ఇది ఏమిటంటే, బ్రౌజర్‌లో తెరుచుకునే మ్యాప్. ఫోన్ యాప్ కూడా ఉంది. కొండల్లో తప్పిపోయినవాళ్ళని వెతికే రెస్క్యూ బృందాలు అమెరికాలో దీన్ని విరివిగా వాడతాయి. సార్‌టోపో అని వాళ్ళ పనికోసమే దీనికి జంటగా ఇంకోటి తయారైంది. ఆ వాసన ఇందులో ప్రతిచోటా తెలుస్తుంది: అందంగా కనపడాలన్న తాపత్రయం తక్కువ, కొలతలెక్కువ. మొదటిసారి తెరిచినవాళ్ళకి కుడిపక్కన లేయర్ల (ఒకదాని మీద ఒకటి పరుచుకునే మ్యాప్ పొరల) జాబితా చూస్తే కళ్ళు తిరగొచ్చు. ఒక వారం ఓపిక పట్టండి.

మేం 2024 ఆగస్టులో చేసిన ట్రెక్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. సౌత్ లేక్ దగ్గర మొదలుపెట్టి 11,972 అడుగుల బిషప్ పాస్ దాటి డ్యూసీ బేసిన్, అక్కణ్ణించి కాలిబాట వదిలేసి నాప్‌శాక్ పాస్ మీదుగా పాలిసేడ్ బేసిన్, ఆ తర్వాత పాట్‌లక్ పాస్, సర్క్ పాస్, అక్కడ కిందికి దిగితే పాలిసేడ్ లేక్స్. అక్కడ జాన్ మ్యూర్ ట్రెయిల్ అనే పొడవాటి కాలిబాట కలుస్తుంది. గోల్డెన్ స్టెయిర్‌కేస్ దిగి, లెకాంట్ కాన్యన్ ఎక్కి, మళ్ళీ డ్యూసీ బేసిన్ మీదుగా వెనక్కి. ఏడు రోజులు. అందులో మూడు కనుమలకి దారి లేదు. నా ప్లానింగ్‌లో తొంభై శాతం ఆ మూడింటి మీదే గడిచింది.

ముందు పాత యూఎస్‌జీఎస్ క్వాడ్‌ల (అమెరికా ప్రభుత్వ సర్వే సంస్థ అచ్చువేసిన మ్యాప్ షీట్ల) స్కాన్ లేయర్ వేసుకుంటాను. 1:24,000 స్కేలు, ఈ ప్రాంతంలో ఒక కాంటూరు గీతకీ (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత) పక్కదానికీ మధ్య ఎత్తు తేడా 40 అడుగులు. ఈ 40 అన్న అంకె గుండెల మీద రాసుకోవాలి. గీతకీ గీతకీ మధ్యలో మూడంతస్తుల మేడంత నిటారు గోడ దాక్కోవచ్చు, మ్యాప్ మీద దాని ఆనవాలే ఉండదు. సర్క్ పాస్‌కి దక్షిణం వైపు అచ్చంగా అలాంటిదే. మ్యాప్‌లో చూస్తే దగ్గర దగ్గరగా, కానీ ఒద్దికగా దిగే గీతలు. నేల మీద చూస్తే మెట్లు మెట్లుగా విరిగిన పలక బండలు, ప్రతి మెట్టు చివరా ఎంత లోతుందో తెలియని అంచు.

దాని మీద వాలు రంగుల లేయర్ పరుస్తాను. 27 డిగ్రీల దగ్గర పసుపు మొదలవుతుంది, నారింజ మీదుగా 35 నుంచి 45 వరకూ ఎరుపు, అది దాటితే ఊదా, నీలం, చివరికి నలుపు. మంచు చరియలు విరిగిపడే వాలుల కోసం తయారైన రంగులివి. అయినా వేసవిలో రాళ్ళ మీద నడిచేవాళ్ళకీ బాగానే ఉపయోగపడతాయి. నా అనుభవంలో పసుపూ నారింజా అంటే బరువు సంచితో మామూలుగా ఎక్కగలం. ఎరుపులో చేతులు కూడా వాడాల్సి రావచ్చు, కాలికింద గులక జారుతుంది. ఊదా కనపడితే గీత పక్కకి జరుపుతాను.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఆ రంగులు ఎత్తుల గళ్ళ లెక్కలోంచి, అంటే నేలని గళ్ళుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక ఎత్తు రాసుకున్న డేటాలోంచి వస్తాయి. చాలా చోట్ల ఒక్కో గడి 10 మీటర్లు. ఐదారు మీటర్ల నిటారు గోడ, దాని కింద చదును అరుగు రెండూ ఒకే గడిలో పడితే, రెంటినీ కలిపి సగటు తీసి హాయిగా నారింజ రంగు వేసేస్తుంది. ఇది కాల్‌టోపో ఒక్కదాని లోపం కాదు, ఆ డేటా వాడే ఏ మ్యాప్‌కైనా ఇంతే. కాబట్టి ఎరుపు కనపడితే నమ్మండి. పసుపు కనపడినంత మాత్రాన ధైర్యం తెచ్చుకోకండి.

మరి ఆ దాక్కున్న గోడల్ని ఎలా పట్టుకోవడం? నేను చేసేది చెబుతాను. వాలు రంగులు తీసేసి, పైనుంచి తీసిన ఫొటో లేయర్ వేసి, దాని మీద కాంటూరు గీతల్ని పల్చగా ఉంచుతాను. లేయర్ల మీద లేయర్ పేర్చి, ఏది ఎంత పల్చగా కనపడాలో జరుపుకునే సదుపాయం ఇందులో ఉంది, దాని మీదే నా వేలు ఎక్కువసేపు ఉంటుంది. బాగా దగ్గరికి వెళ్తే నేల చదవడం వస్తుంది. నున్నగా, లేత బూడిద రంగులో మెరిసేది పలక బండ. నువ్వులు చల్లినట్టు గరుగ్గా కనిపించేది బండరాళ్ళ గుట్ట. నల్లటి సన్నని చార బండకి అడ్డంగా పోతోందంటే అది గోడ నీడ. అక్కడ ఎంత ఎత్తో తెలియదు గానీ గోడ ఉందని తెలుస్తుంది. బండల మధ్యలోంచి ఏటవాలుగా పచ్చటి గీత పోతోందంటే అక్కడ మన్ను నిలిచింది, గడ్డి మొలిచింది, అంటే అరుగు ఉంది. అరుగు ఉంటే మనిషి నడవొచ్చు.

సర్క్ పాస్ దక్షిణం వైపు నాకు అలాంటి పచ్చ గీతలు మూడు కనిపించాయి. ఒకటి సగంలో నల్ల చార దగ్గర ఆగిపోయింది. రెండోది బాగా కుడికి పోయి ఎక్కడికీ చేరలేదు. మూడోది విరిగి విరిగి, నాలుగు ముక్కలుగా, అయినా కింది చెరువు దాకా వచ్చింది. ఆ నాలుగు ముక్కల్నీ కలుపుతూ గీత గీసి, రెండు ముక్కల మధ్య ఖాళీ ఉన్నచోటల్లా ఒక మార్కర్ పెట్టి ప్రశ్నార్థకం రాసుకున్నాను. ఆగస్టులో అక్కడ నిలబడ్డప్పుడు ఆ గీత నిజంగానే ఉంది. రెండు పాదాలు పట్టేంత వెడల్పు గడ్డి అరుగు, ఒక పక్క భుజానికి రాసుకునే రాయి, ఇంకోపక్క ఖాళీ, కింద పాలిసేడ్ లేక్ నీలంగా. రెండో ప్రశ్నార్థకం దగ్గర మాత్రం మనిషెత్తు బండ దిగాల్సి వచ్చింది. సంచులు తాడుతో ముందు దించి, తర్వాత మేం దిగాం. మా తమ్ముడు కిందనుంచి నా కాలు పట్టుకుని సరైన పగులులో పెట్టి "ఇప్పుడు దిగక్కా" అన్నాడు. ఆ బండ ఫొటోలో కనపడలేదు, వాలు రంగుల్లోనూ లేదు. ప్రశ్నార్థకం ఉంది కాబట్టే మేం ఆగి చూశాం, తాడు బయటికి తీశాం.

పాట్‌లక్ పాస్‌కి ఇంత వెతుకులాట అక్కర్లేదు. పడమటి వైపు బండలు, రాళ్ళు ఎక్కుకుంటూ పోవచ్చు. తూర్పున దిగేటప్పుడే చిన్న గోడల వరస, జారే ఇసుకా గులకా. నాప్‌శాక్ ఇంకా సులువు. వాటి గురించి ఇంతకంటే రాయాల్సిందేమీ లేదు.

మంచు సంగతి మాత్రం చెప్పాలి. అసలు ఈ ట్రెక్ మేం 2023లో చేద్దామనుకున్నాం. ఆ ఏడాది ఏప్రిల్‌లో కాలిఫోర్నియా కొండల మీద మంచు నిల్వ సగటులో 237 శాతం ఉంది. కాల్‌టోపోలో సెంటినెల్ ఉపగ్రహ చిత్రాలు వారాల వారీగా చూసుకోవచ్చు. యూరప్ వాళ్ళ ఈ ఉపగ్రహాలు ఐదు రోజులకోసారి అదే చోటికి తిరిగొస్తాయి. చిత్రంలో ఒక్కో చుక్క 10 మీటర్లు. కాబట్టి రాళ్ళు కనపడవు గానీ మంచు ఎంతవరకు ఉందో స్పష్టంగా తెలుస్తుంది. జూలై మొదట్లో చూస్తే కనుమలే కాదు, చెరువులు కూడా తెల్లగానే ఉన్నాయి. వారం వారం చూశాను. చివరికి తమ్ముడికి ఫోన్ చేసి "ఈ ఏడాదికి వద్దురా" అన్నాను. వాడు చాలా బాధపడ్డాడు, సెలవు పెట్టేశాడు మరి. అయినా నేను చేసిన మంచి నిర్ణయాల్లో అదొకటి. మరుసటి ఏడాది జూలై ఆఖరి చిత్రంలో సర్క్ పాస్ ఉత్తరం వైపు చిన్న తెల్ల మచ్చ ఒక్కటే మిగిలింది. ఉత్తరం చూసే వాలుల్లో మంచు ఆలస్యంగా కరుగుతుంది, కనుమకి ఒక పక్క పొడిగా ఉన్నా రెండోపక్క ఐసు ఉండొచ్చు. ఆ మచ్చ పక్కనున్న బండల మీంచి ఎక్కి తప్పించుకున్నాం.

వారాల వారీ చిత్రాలు చందా కట్టినవాళ్ళకే. ఫోన్‌లో మ్యాపులు ఆఫ్‌లైన్‌లో దాచుకోవాలన్నా చందా కావాలి. ఇంట్లో కూర్చుని గీత గీసుకోవడం, వాలు రంగులు చూసుకోవడం ఊరికే చేసుకోవచ్చు. ఏడాదికి ఒక్క ట్రెక్ చేసేవాళ్ళు ముందు ఊరికే వాడి చూసి, బయల్దేరే నెలలో చందా సంగతి ఆలోచించుకుంటే చాలు.

సమయం లెక్క దీని మీద వదిలేయకండి, దేని మీదా వదిలేయకండి. గీత మీద నొక్కితే ఎత్తుపల్లాల బొమ్మ వస్తుంది, ఎన్ని అడుగులు ఎక్కాలో, ఎన్ని దిగాలో, వాలు ఎక్కడ ఎంతో చెబుతుంది. అంతవరకు తీసుకుని గంటలు నేనే వేస్తాను. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన చెప్పిన లెక్క ఒకటుంది: మూడు మైళ్ళకి గంట, పైన ప్రతి 2,000 అడుగుల ఎక్కుడుకీ ఇంకో గంట. అది తేలిక సంచితో, మంచి దారి మీద. 12,000 అడుగుల దగ్గర, వారం రోజుల బరువుతో, దారి మీద గంటకి రెండు మైళ్ళు, 1,000 అడుగులకే గంట వేస్తాను. దారి లేనిచోట గంటకి ఒక మైలు. బండరాళ్ళ గుట్టలైతే అరమైలు. పైగా తెర మీద గీసిన గీత ఎప్పుడూ కాళ్ళు నడిచే దానికంటే పొట్టిగానే ఉంటుంది, మనం ప్రతి రాయి చుట్టూ తిరుగుతాం కదా, అందుకని దారి లేని భాగానికి నాలుగో వంతు కలుపుతాను. పాట్‌లక్ రోజుకి ఈ లెక్కన ఆరు గంటలొచ్చింది. ఐదున్నర పట్టింది. లమార్క్ కోల్ తర్వాత ఆ అరగంట మిగులు నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మధ్యాహ్నం ఉరుములొచ్చే కాలం కాబట్టి కనుమ మీద పన్నెండు లోపు ఉండాలని వెనక నుంచి లెక్కేసుకుంటే పొద్దున్న ఎన్నింటికి లేవాలో కూడా తేలుతుంది.

మేం గీసే గీతలకి మూడు రంగులు. నడవాలనుకున్నది ఎరుపు. కనుమ దాటలేకపోతే పక్కన ఇంకో దారి నీలం. ఒంట్లో బాగోక బయటపడాల్సి వస్తే ఏ రోజు ఎక్కణ్ణించి ఎటు అన్నది నలుపు. ఈ నల్ల గీతలే అన్నిటికంటే కష్టం. పాట్‌లక్, సర్క్ రెండు కనుమల మధ్య పేరులేని చెరువొకటుంది. అక్కణ్ణించి గ్లేసియర్ క్రీక్ వెంట డీర్ మెడోకి దిగిపోవచ్చని మ్యాప్ చూడగానే అనిపిస్తుంది, నీళ్ళు ఎటు పోతే మనమూ అటే పోవచ్చని. వాలు రంగులు వేస్తే నాకు నమ్మకం కలగలేదు, గీత చెరిపేశాను. అంటే ఆ చెరువు దగ్గర రాత్రి ఉంటే బయటికి మార్గం వచ్చిన కనుమ మీదుగానో, వెళ్ళాల్సిన కనుమ మీదుగానో మాత్రమే. ఈ సంగతి ఇంట్లో కుర్చీలో కూర్చున్నప్పుడే తెలిసింది కాబట్టి, పాట్‌లక్ పైన నిలబడి ఆకాశం చూసి, ఒకరికొకరం "బాగానే ఉన్నావా?" అని నిజంగా అడుక్కుని, అప్పుడు దిగాం.

అక్కడ రాత్రుళ్ళు ఉండటానికి కావాల్సిన పర్మిట్ పని కాల్‌టోపోది కాదు గానీ ప్లాన్‌లో భాగమే కాబట్టి రెండు ముక్కలు. సౌత్ లేక్ ఇన్యో నేషనల్ ఫారెస్ట్ కిందికి వస్తుంది. అక్కడ పర్మిట్ల కోటాలో 60 శాతం ఆరు నెలల ముందు, మిగతా 40 శాతం రెండు వారాల ముందు వదులుతారు. రెండు వారాల ముందు వదిలేవాటిని నేను ఇష్టపడతాను, అప్పటికి మంచు సంగతీ వాతావరణమూ కొంత తెలుస్తాయి. డ్యూసీ, పాలిసేడ్ బేసిన్‌లలో బేర్ క్యానిస్టర్ (ఎలుగుబంట్లు తెరవలేని తిండి డబ్బా) తప్పనిసరి. అందులో ఎన్ని రోజుల తిండి పడుతుందన్నదే మన ట్రెక్ ఎన్ని రోజులో నిర్ణయిస్తుంది.

ఇంక ప్రింటు. ఫోన్ ఎంత బాగున్నా కాగితం లేకుండా నేను కనుమ ఎక్కను. కాల్‌టోపో పీడీఎఫ్ చేసి ఇస్తుంది, స్కేలు మనమే ఎంచుకోవచ్చు, ఒక కిలోమీటరు గళ్ళు వేయించుకోవచ్చు. నేను 1:24,000 పెట్టి, అంచులు కొంచెం ఒకదాని మీద ఒకటి వచ్చేలా నాలుగు పేజీలు తీశాను. ప్రింటర్‌లో పేజీకి సరిపెట్టు అన్నది తీసేసి వంద శాతం అని పెట్టాలి. లేకపోతే ప్రింటర్ కొద్దిగా కుదించేస్తుంది, అప్పుడు స్కేలుతో కొలిచిందల్లా తప్పే. నేనొకసారి అలా తీసి, గళ్ళని రూలర్‌తో కొలిచాకే గుర్తుపట్టాను. అప్పట్నుంచి ప్రతి ప్రింటు మీదా ఒక గడి కొలుస్తాను. 1:24,000లో కిలోమీటరు గడి 4 సెంటీమీటర్లకి ఒక్క పిసరు ఎక్కువ రావాలి. దిక్సూచి వాడేవాళ్ళు ఇంకొకటి చూసుకోండి. అక్కడ అయస్కాంత ఉత్తరం ఇప్పుడు అసలు ఉత్తరానికి సుమారు 12 డిగ్రీలు తూర్పుగా ఉంది. పాత క్వాడ్ అంచున అచ్చయినది అప్పటి అంకె, ఇప్పటికంటే ఎక్కువ ఉంటుంది. దాన్ని చూసి దిక్సూచి సరిచేస్తే దారి పక్కకి పోతుంది.

ఫోన్‌లో దింపుకునేటప్పుడు ఒక్కో లేయర్‌నీ విడిగా దింపుకోవాలి. ఇంట్లో స్కాన్ మ్యాప్, ఫొటో, వాలు రంగులు అన్నీ చూశాం కదా, అన్నీ ఫోన్‌లో ఉంటాయనుకోకండి. దింపాక ఫోన్ విమానం మోడ్‌లో పెట్టి, వెళ్ళే దారంతా వేలితో ఒకసారి నడిచి చూడండి. ఖాళీ గళ్ళు కనిపిస్తే ఇంకా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి సరిచేసుకోవచ్చు. మ్యాప్ లింకు ఇంట్లోవాళ్ళకి పంపడం మర్చిపోవద్దు. మా వారికి నేను లింకు పంపి, మూడు రంగుల అర్థం, ఏ రాత్రి ఎక్కడ ఉంటామో దాంట్లోనే మార్కర్ల మీద రాసిపెడతాను. మేం శాటిలైట్ మెసెంజర్‌లో పంపిన చోటుని ఆయన ఆ మ్యాప్ మీద పెట్టి చూసుకుంటారు. నాలుగో రాత్రి ఆయన నుంచి వచ్చిన మెసేజ్: "పేరులేని చెరువు దగ్గర ఉన్నారు కదా, రేపు ప్రశ్నార్థకాల రోజు, జాగ్రత్త."

కాలిబాట మీదే నడిచేవాళ్ళకి ఇదంతా అక్కర్లేదు. దారి స్పష్టంగా ఉన్న జాన్ మ్యూర్ ట్రెయిల్‌కి ఒక మంచి కాగితం మ్యాప్ చాలు. సులువైన యాప్‌లు వేరే ఉన్నాయి. రాత్రికి రాత్రి ప్లాన్ వేసుకుని పొద్దున్నే బయల్దేరే అలవాటున్నవాళ్ళకీ ఇది నచ్చదు. మాకు ఈ ఏడు రోజుల ట్రెక్‌కి దాదాపు ఇరవై సాయంత్రాలు పట్టింది, ఇద్దరం చెరో చోట కూర్చుని ఒకే మ్యాప్ తెరుచుకుని, ఒకరు గీసింది ఒకరు జరుపుతూ. ఆ సాయంత్రాలు నాకు ట్రెక్ అంత ఇష్టం.

ఇప్పుడు హంఫ్రీస్ బేసిన్ నుంచి ఆల్పైన్ కోల్ మీదుగా ఎవల్యూషన్ వైపు దాటే గీత తెరిచి పెట్టుకున్నాం. కోల్‌కి రెండు వైపులా నువ్వులు చల్లినట్టే ఉంది, పచ్చగీత ఒక్కటీ లేదు. ఇప్పటికి ప్రశ్నార్థకాలు ఐదు. నిన్న రాత్రి తమ్ముడు ఆరోది పెట్టాడు.